స్క్రూడ్రైవర్ కంటే ముందు కాగితం: పాత టెస్ట్ పరికరాల కీప్యాడ్ రిపేరు

పోయిన వానాకాలంలో రాజాం వైపు ఒక కాలేజీ నుంచి ల్యాబ్ అసిస్టెంటు ఫోన్ చేశాడు. "ఫంక్షన్ జనరేటర్ కీబోర్డు మొత్తం పోనాది మాస్టారూ. ఒక్క బటనూ పలకట్లేదు. ఆపి మళ్లీ వేసినా అంతే" అన్నాడు. ఫంక్షన్ జనరేటర్ అంటే సర్క్యూట్ల పరీక్షకు రకరకాల అలలను పుట్టించే పెట్టె. విజయనగరంలో బస్సెక్కి వెళ్లాను. నేను చేరేసరికే రెండు స్క్రూలు విప్పి టీ గ్లాసులో వేసి ఉంచాడు. డిస్‌ప్లేలో ఓ మూల "రిమోట్" అన్న గుర్తు వెలుగుతోంది. వెనక జీపీఐబీ కేబులు, అంటే కంప్యూటర్ నుంచి పరికరాన్ని నడిపించే కేబులు, కంప్యూటర్‌కు తగిలించి ఉంది. ఎవరో విద్యార్థి రాసిన ప్రోగ్రాము ఆగకుండా తిరుగుతూ, పరికరాన్ని ప్రతిసారీ తన చేతిలోకి తీసుకుని ముందు ప్యానెల్‌కు తాళం వేస్తోంది. కేబులు లాగేశాను. బటన్లన్నీ పలికాయి. నాకు మిగిలింది బస్సు ఛార్జీ, ఒక టీ.

ఆ రెండు స్క్రూల గురించే ఈ వ్యాసమంతా. పాత మల్టీమీటరు గానీ, కరెంటు అలలను తెర మీద చూపే ఆసిల్లోస్కోపు గానీ, ఫ్రీక్వెన్సీ కౌంటరు గానీ, ఏయే బటన్లు పలకట్లేదో ఆ తీరును బట్టే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. మూత తీశాక మాత్రం అన్ని బటన్లూ ఒకేలా మురికిగా కనిపిస్తాయి. అన్నిటినీ తోమాలనిపిస్తుంది. తోమితే బాగున్నవి కూడా పోతాయి. కుర్రతనంలో నేను చేసింది అదే. బంగారు పూత ఉన్న బోర్డును పెన్సిల్ రబ్బరుతో నిగనిగలాడేలా రుద్దాను. ఆ పూత మైక్రాన్లలో ఉంటుందని అప్పట్లో తెలియదు. పూత పోయింది, కింద రాగి బయటపడింది. మరుసటి వానాకాలానికల్లా ఆ రాగి నల్లబడి, నాలుగు బటన్లు పోయిన చోట పన్నెండు పోయాయి.

మొదటి పని: బటన్ల హాజరు పట్టీ

ఒక కాగితం మీద ముందు ప్యానెల్ బొమ్మ గీయండి. పరికరం ఆన్ చేసి, ఒక్కో బటన్‌ను ఐదుసార్లు నొక్కుతూ ఏం జరిగిందో ఆ గడిలో రాయండి. బాగా పలికింది, గట్టిగా నొక్కితేనే పలికింది, అసలు పలకలేదు, ఒకసారి నొక్కితే రెండుసార్లు పలికింది, వేరే బటన్ పని చేసింది. ఈ ఐదు మాటలు చాలు. షిఫ్టుతో కలిపి నొక్కే పనులను విడిగా రాసుకోండి. షిఫ్టు ఒక్కటే పోయినా సగం ప్యానెల్ పోయినట్టు కనిపిస్తుంది.

అన్నీ ఒకేసారి పలకడం మానేస్తే కీప్యాడ్‌ను చివరగా అనుమానించండి. ముందు రిమోట్ గుర్తు చూడండి, వెనక కేబుళ్లు తీసేయండి. తర్వాత ఏదైనా బటన్ లోపలికి దిగి ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. ఒక బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టు కనిపిస్తే, చాలా పరికరాలు మిగతా వాటిని పట్టించుకోవు. కొన్నిటిలో ఆన్ చేసేటప్పుడు ఏదైనా బటన్ నొక్కి ఉంటే పరికరం సెల్ఫ్ టెస్టులోకో, సర్వీసు మోడ్‌లోకో వెళ్లిపోతుంది. దాన్ని చూసి ప్రాసెసర్ పోయిందని తీర్పు చెప్పేవాళ్లను చూశాను.

జీపీఐబీ ఉన్న పరికరమైతే అదే మంచి పరీక్ష కూడా. ఈ కేబులు పద్ధతి 1975లో ఐఈఈఈ 488 పేరుతో ప్రమాణంగా వచ్చింది, అందుకే ఆ తర్వాతి కాలపు మంచి పరికరాల్లో తరచూ కనిపిస్తుంది. కంప్యూటర్ నుంచి పంపిన ఆజ్ఞకు పరికరం సరిగ్గా జవాబిస్తే లోపలి బుర్ర బాగున్నట్టే. ఇక వెతకాల్సింది ముందు ప్యానెల్‌లోనే.

పడుగు, పేక

ఇరవై బటన్లకు ఇరవై తీగలు లాగితే ప్రాసెసర్‌కు కాళ్లు (పిన్నులు) చాలవు. అందుకే పొందూరు మగ్గం మీద పడుగు, పేక నడిచినట్టు, కొన్ని తీగలు నిలువుగా, కొన్ని అడ్డంగా నడుపుతారు. అవి దాటుకునే ప్రతి చోటా ఒక బటన్. నాలుగు అడ్డ వరసలు, ఐదు నిలువు వరసలు ఉంటే తొమ్మిది తీగలతో ఇరవై బటన్లు వస్తాయి. ప్రాసెసర్ ఒక్కో నిలువు వరసను క్షణకాలం సున్నా వోల్టులకు దించి, అడ్డ వరసల్లో ఏది దానితోపాటు కిందికి దిగిందో చూస్తుంది. దిగినదానిని బట్టి ఏ కూడలిలో వేలు ఉందో దానికి తెలుస్తుంది.

ఇప్పుడు హాజరు పట్టీ చూడండి. ఒకటి రెండు బటన్లు, అదీ రోజూ వాడేవి మాత్రమే పోతే కాంటాక్టు అరిగిందని. నాలుగైదు ఒకేసారి పోతే ఒక వరస తీగ తెగిందని, లేదా కనెక్టరులో ఒక పిన్ను పట్టు వదిలిందని. ఒకటి నొక్కితే ఇంకొకటి పలుకుతుంటే రెండు వరసలు ఎక్కడో కలిసిపోయాయని.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్యానెల్ మీద పక్కపక్కనే ఉన్న బటన్లు కరెంటు లెక్కలో ఒకే వరసలో ఉండాలని లేదు. బోర్డు గీసినవాడు తన ట్రాకులకు, అంటే బోర్డు మీది రాగి గీతలకు, వీలైనట్టు కలుపుకుంటాడు. ప్యానెల్ నలుమూలలా చెల్లాచెదురుగా ఐదు బటన్లు పోయాయంటే, ఐదు కాంటాక్టులు ఒకేసారి చెడ్డాయని నమ్మకండి. అవి ఐదూ ఒకే తీగ మీద ఉండి ఉంటాయి. ఒక్క టంకంతో పోయేదానికి ఐదు చోట్ల తోమడం వృథా.

దొంగ బటన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నలుచదరానికి మూడు మూలల్లో బటన్లు ఒకేసారి మూసుకుంటే, నాలుగో మూల కూడా నొక్కినట్టే ప్రాసెసర్‌కు కనిపిస్తుంది. కరెంటు ఆ మూడు కాంటాక్టుల గుండా చుట్టూ తిరిగి వస్తుంది. దీన్ని ఆపడానికే కొన్ని బోర్డుల్లో ఒక్కో బటన్‌కు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఒక్కొక్కటి పెడతారు.

ఎంత ఓమ్‌లు ఉంటే పలుకుతుంది?

ఈ లెక్క ఒక్కసారి చేస్తే జీవితాంతం పనికొస్తుంది. అడ్డ వరసను 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో 5 వోల్టులకు కట్టారనుకోండి. టీటీఎల్ అనే మామూలు పాత రకం చిప్పు 0.8 వోల్టులు, అంతకంటే తక్కువ ఉంటేనే దాన్ని కచ్చితంగా "కింద" అని ఒప్పుకుంటుంది. బటన్ నొక్కినప్పుడు కాంటాక్టు 200 ఓమ్‌లు ఉంటే వరస దాదాపు 0.1 వోల్టుకు దిగుతుంది, హాయిగా పలుకుతుంది. కాంటాక్టు అరిగి 5 కిలో ఓమ్‌లు అయితే 1.67 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, పలుకుతుందన్న నమ్మకం లేదు. హద్దు దాదాపు 1.9 కిలో ఓమ్‌లు. గట్టిగా నొక్కితేనే పలికే బటన్లు ఈ హద్దు దగ్గర ఊగిసలాడేవే.

ఇదే లెక్కను తిరగేస్తే మన తీరం జబ్బు అర్థమవుతుంది. తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ రకం చిప్పులున్న కొన్ని బోర్డుల్లో 100 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది, "కింద" అనే హద్దు కూడా టీటీఎల్ కంటే పైన ఉంటుంది. అక్కడ బటన్ మధ్య ఉప్పు, తేమ కలిసి 40 కిలో ఓమ్‌ల దారి ఏర్పడితే చాలు, ఎవరూ నొక్కకుండానే బటన్ నొక్కినట్టవుతుంది. శ్రీకాకుళం తీరంలో బారువ, కళింగపట్నం వైపు నుంచి వచ్చిన మీటర్లలో ఇది నాకు బాగా పరిచయం. తెల్లవారుజామున రేంజి తనంతట తానే మారిపోతుంది, మధ్యాహ్నం ఎండ ముదిరాక సర్దుకుంటుంది. దయ్యం పట్టిందన్నాడు ఒకాయన. దయ్యం కాదు, లీకేజీ, అంటే తేమ గుండా కరెంటు పక్కదారిన కారడం. వేళను బట్టి మారే జబ్బు అని ఎవరైనా చెబితే నేను ముందు బోర్డు కడుగుతాను, తర్వాతే మిగతా ఆలోచన.

మూత తీయడం

ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. పాత పరికరాల్లో మెయిన్స్ తీగ ముందు ప్యానెల్ స్విచ్ దాకా వచ్చి, కీప్యాడ్ పక్కనే ఉంటుంది. పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటరుతో చూసుకోండి. పిక్చర్ ట్యూబున్న ఆసిల్లోస్కోపులో వేల వోల్టులు ఉంటాయి, ఆపాక కూడా ట్యూబులో నిలిచి ఉండొచ్చు. అలవాటు లేనివాళ్లు అలాంటిదాన్ని తెలిసినవాళ్ల పక్కన కూర్చునే మొదటిసారి విప్పాలి.

ఇంకో హెచ్చరిక. లోపల బ్యాటరీ కనిపిస్తే పీకేయకండి. కొన్ని పరికరాల్లో కాలిబ్రేషన్ (కొలతను సరిదిద్దే) లెక్కలన్నీ ఆ బ్యాటరీ నిలబెట్టే మెమరీలోనే ఉంటాయి. హెచ్‌పీ 3478ఏ మల్టీమీటరు అలాంటిదే, 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది తీస్తే బటన్లు బాగుపడవు, మీటరు మాత్రం కొలత మరిచిపోతుంది.

ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. నాబ్‌లకు పక్కన సన్నటి గ్రబ్ స్క్రూ (తలలేని స్క్రూ) ఉంటుంది. అమెరికా పరికరమైతే అది అంగుళాల కొలతది. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ల అలెన్ కీ పెడితే లోపలి మూలలు అరిగి ఇక రాదు. రిబ్బను కేబులును లాగే ముందు కనెక్టరుకు గొళ్లెం ఉందేమో చూడండి. కొన్ని పైకి లేస్తాయి, కొన్ని పక్కకు జరుగుతాయి. కీప్యాడ్ బోర్డును ప్లాస్టిక్ మేకులు కరిగించి బిగించి ఉంటే, ఆ కరిగిన తలలను పదునైన బ్లేడుతో కోయండి, విరగ్గొట్టకండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ మేకులోనే సన్నటి రంధ్రం వేసి చిన్న స్క్రూ పెట్టొచ్చు.

మీటరుతో పటం గీయడం

సర్వీసు మాన్యువల్ దొరికితే అదృష్టం. దొరక్కపోతే మనమే గీసుకోవాలి, ఇరవై బటన్లకు అరగంట పని. కీప్యాడ్ రిబ్బనును మెయిన్ బోర్డు నుంచి విడదీసి, పిన్నులకు నంబర్లు వేయండి. ఒక బటన్ నొక్కి పట్టుకుని ఏ రెండు పిన్నుల మధ్య దారి వస్తుందో చూసి రాయండి. నొక్కడానికి ఒకరు, కొలవడానికి ఒకరు ఉంటే హాయి. మా ఇంట్లో ఈ పని మనవరాలిది.

బీప్ శబ్దం వచ్చే రేంజి ఇక్కడ వాడొద్దు. చాలా మీటర్లు యాభై ఓమ్‌ల లోపు ఉంటేనే బీప్ అంటాయి. కార్బన్ కాంటాక్టు బాగున్నా వంద, రెండు వందల ఓమ్‌లు చూపిస్తుంది. బీప్ రాలేదని మంచి కీప్యాడ్‌ను పారేసినవాళ్లున్నారు. 2 కిలో ఓమ్‌లో, 20 కిలో ఓమ్‌లో రేంజి పెట్టి అంకెలు చదవండి. ఎటు పెట్టినా ఏమీ రాకపోతే డయోడు ఉందేమోనని డయోడు రేంజిలో రెండు వైపులా చూడండి. ఒకవైపు అర వోల్టు చిల్లర కనిపిస్తే డయోడు ఉన్నట్టే.

పటం పూర్తయ్యాక పోయిన బటన్లను అందులో గుర్తించండి. అన్నీ ఒకే వరసలో పడితే ఆ పిన్ను నుంచి ట్రాకు వెంబడి నడవండి. వరస కుదరకపోతే ఒక్కో బటన్ కాంటాక్టు ఓమ్‌లు రాయండి. అన్నీ 300 ఓమ్‌ల లోపు ఉంటే కీప్యాడ్‌ను వదిలేసి మెయిన్ బోర్డు వైపు వెళ్లండి.

రబ్బరు కీప్యాడ్

హెచ్‌పీ 34401ఏ లాంటి మీటర్లలో కనిపించే రకం ఇది. సిలికాన్ రబ్బరు కింద నల్లటి కార్బన్ బిళ్ల, దాని ఎదురుగా బోర్డు మీద దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన ట్రాకులు. ఏళ్లు గడిచాక రబ్బరు నుంచి నూనెలాంటి జిడ్డు ఊరి ఈ రెండింటి మధ్య పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఈ జిడ్డు సరిగ్గా కరగదు, అటూ ఇటూ పులుముకుంటుంది. మందుల షాపు ఆల్కహాల్‌తో నాలుగుసార్లు తుడిచి, నెలకే మళ్లీ పోయిందని వచ్చేవన్నీ ఈ బాపతే.

రబ్బరు షీటును గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పది నిమిషాలు నానబెట్టండి. వేలి కొసతో బిళ్లలను మెల్లగా రుద్దండి. బ్రష్షు వద్దు, కార్బన్ లేచిపోతుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసేదే చాలు. ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనివ్వండి.

బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు వదలని గుడ్డతో తుడవండి. పొందూరు ఖద్దరు ఎంత గొప్పదైనా ఈ పనికి రాదు, నూలు పోగు ఒక్కటి కాంటాక్టు మధ్య ఇరుక్కున్నా కష్టమే. కళ్లద్దాలు తుడిచే గుడ్డ బాగుంటుంది. ఉప్పుకాటు కనిపిస్తే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పు కరిగేది నీళ్లలోనే. థిన్నరు, పెట్రోలు ఆ గదిలోకే రానివ్వొద్దు. నా సొంత మీటరు ముందు ప్యానెల్ మీద థిన్నరు గుడ్డ ఒక్కసారి పెడితే అక్షరాలన్నీ గుడ్డకు వచ్చేశాయి. ఇప్పటికీ ఆ మీటరులో ఏ బటన్ ఏమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు. అవి మొదటి రోజు అద్భుతంగా పని చేసి, దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి.

కడిగినా బిళ్ల కిలో ఓమ్‌లలోనే ఉంటే కార్బన్ అరిగిపోయినట్టు. మెత్తటి పెన్సిల్‌తో బిళ్ల మీద నల్లగా రుద్దితే కొన్ని వారాలు నడుస్తుంది, పరీక్షల ముందు ల్యాబ్‌కు అది చాలు. నిలిచే పని కావాలంటే రెండు దారులు. కార్బన్ కండక్టివ్ పెయింటు పల్చగా రెండు పూతలు వేయడం ఒకటి. పాత టీవీ రిమోట్ రబ్బరు నుంచి కార్బన్ బిళ్లను పల్చగా కోసి, అరిగినదాని మీద అతికించడం ఇంకోటి. నాకు రెండోదే ఇష్టం. రిమోట్లో ఎప్పుడూ నొక్కని బటన్ల బిళ్లలు కొత్తవాటిలా ఉంటాయి. అతికించడానికి ఫెవిక్విక్ లాంటివి సిలికాన్‌ను పట్టవు, సిలికాన్ గమ్మే కావాలి. అదీ వెనిగర్ వాసన రానిది. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, మూసి ఉన్న పెట్టెలో రాగిని తినేస్తుంది. అల్యూమినియం రేకు ముక్కలు అతికించమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రేకు మీద ఆక్సైడు పొర కడుతుంది, చేసిన పనే మళ్లీ చేయాలి.

మిగతా రకాలు

టక్ మని నొక్కుకునే చిన్న చదరపు స్విచ్‌లు తేలిక. సాధారణంగా 6 మిల్లీమీటర్ల చదరం, నాలుగు కాళ్లు, లోపల రెండేసి కలిసి ఉంటాయి. కొనే ముందు కాడ ఎత్తు కొలవండి, అర మిల్లీమీటరు ఎక్కువైనా ప్యానెల్ బిగించగానే బటన్ నొక్కి ఉండిపోతుంది. పాత టంకం మీద ముందు కొంచెం కొత్త టంకం వేసి కరిగించండి, అప్పుడు పంపుతో లాగితే ప్యాడ్ లేవకుండా వస్తుంది. ఒకటి పోతే రోజూ వాడే మిగతావాటినీ అప్పుడే మార్చేయండి. అందరూ ఒకే బ్యాచి వాళ్లు.

గుండ్రటి లోహపు బొడిపెలు స్టిక్కరు కింద ఉండే రకంలో, తుప్పు పట్టిన బొడిపెను తీసి అదే వ్యాసం ఉన్న కొత్తది పెట్టాలి.

ప్లాస్టిక్ పొరల మెంబ్రేన్ కీప్యాడ్ మాత్రం తలనొప్పి. ట్రాకులు వెండి సిరాతో అచ్చు వేసినవి, టంకం పెడితే పొర కరుగుతుంది. తోక మడత దగ్గర పగులుతాయి. సిల్వర్ పెయింటుతో కలిపి, మళ్లీ వంగకుండా పైన టేపు వేయాలి. తేమలో వెండి ఒక ట్రాకు నుంచి పక్క ట్రాకుకు సన్నటి వేళ్లలా పాకి షార్టు చేస్తుంది కూడా. అలా పాకిందంటే నేను బాగుచేయను. చిన్న స్విచ్‌లతో చిల్లుల బోర్డు మీద కొత్త కీప్యాడ్ కట్టి, అదే వరసలకు కలుపుతాను. మన దగ్గర పటం ఉంది కదా.

తప్పు మెయిన్ బోర్డులో ఉంటే

పటం చేతిలో ఉంటే దీనికీ దారి సులువు. కీప్యాడ్ తీసేసి, మెయిన్ బోర్డు కనెక్టరు దగ్గర ఒక వరస పిన్నునూ ఒక నిలువు పిన్నునూ 100 ఓమ్‌ల రెసిస్టరుతో క్షణం పాటు కలపండి. ఆ బటన్ పని జరిగితే బోర్డు బాగుంది. డయోడు లేని కీప్యాడ్‌లకే ఇది నేరుగా వర్తిస్తుంది. డయోడు ఉంటే అదే దిశలో ఒక డయోడును రెసిస్టరుతో పాటు పెట్టుకోవాలి.

మన కాలేజీ ల్యాబుల్లో 8085 మైక్రోప్రాసెసర్ నేర్పే ట్రైనర్ కిట్లు దీన్ని నేర్చుకోవడానికి మంచి బడి. వాటిలో చాలావాటిలో కీబోర్డు పని 8279 అనే 40 కాళ్ల ఇంటెల్ చిప్పుది. 100 కిలోహెర్ట్జ్ లోపలి క్లాకుతో అది మొత్తం కీబోర్డును 5.1 మిల్లీసెకన్లకు ఒకసారి చుట్టి వస్తుంది, నొక్కగానే కాంటాక్టు కొద్దిసేపు అంటుకుంటూ వదులుతూ పడే గిలగిలను వదిలేయడానికి 10.3 మిల్లీసెకన్లు ఆగుతుంది, ఎనిమిది బటన్ల దాకా జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఆసిల్లోస్కోపు పెడితే ఒక్కో వరస 640 మైక్రోసెకన్ల చొప్పున కిందికి దిగి లేవాలి. ఒక్క వరస మాత్రం కదలకపోతే, 8279కీ కీప్యాడ్‌కీ మధ్య ఉన్న 74138 లాంటి డీకోడరు (ఏ వరసను దించాలో ఎంచే చిప్పు) కాలును చూడండి. అన్నీ కదలకపోతే క్లాకు, రీసెట్టు చూడండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కొన్ని పరికరాలు ఊరికే ఉన్నప్పుడు వరసలను చుట్టవు. అన్ని నిలువు వరసలనూ కిందికి దించి ఉంచి, ఏదైనా బటన్ పడ్డాకే వెతుకుతాయి. పల్సులు లేవని చిప్పు మార్చేయకండి, బటన్ నొక్కి చూడండి.

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, నీలిపచ్చ బూజు ట్రాకుల మీదికి పాకి ఉంటే, అది క్షారం. కాలిబ్రేషన్ సంగతి చూసుకున్నాక బ్యాటరీ తీసి, పల్చటి వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. తినేసిన ట్రాకులకు సన్నటి తీగ వేయాలి.

తడిసినవి, మూత వేయడం

2018 అక్టోబరు 11న టిట్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానం వైపు నుంచి నా దగ్గరికి తడిసిన మీటర్లు వచ్చాయి. బతికినవన్నీ ఆన్ చేయకుండా తెచ్చినవే. "వెలుగుతోందో లేదో చూద్దామని ఒక్కసారి పెట్టాను బాబూ" అన్నవాళ్ల మీటర్లలో ట్రాకులు పచ్చబడి ఉన్నాయి. తడిసిన బోర్డులో కరెంటు ఉంటే తుప్పు గంటల్లో పని చేస్తుంది. తడిసినదాన్ని విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో ఉప్పు, బురద కడిగి, అట్టపెట్టెలో 60 వాట్ల పాత బల్బు వెలుతురుకు జానెడు దూరంలో, పక్కన మనిషి ఉన్నంతసేపే, ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే కరెంటు.

బిగించేటప్పుడు రబ్బరు షీటు అంచులన్నీ గుంతల్లో కూర్చున్నాయో చూడండి. స్క్రూలు ఒకేసారి బిగించకుండా, మూలకు మూల ఎదురుగా కొంచెం కొంచెం తిప్పండి. ఒకవైపు ఎక్కువ బిగిస్తే ఆ వైపు బటన్లు సగం నొక్కుకుని ఉంటాయి. మూత వేసే ముందే ఆన్ చేసి, మొదటి రోజు హాజరు పట్టీ మళ్లీ తీసి, ప్రతి బటన్‌నూ ఐదుసార్లు నొక్కండి. అన్నీ పలికితే, గీసిన పటాన్ని మడిచి చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, వేడి లేని చోట మూత లోపలి వైపు టేపుతో అతికించండి. తేదీ కూడా వేయండి.